ఏం కూరని అడగని ఊరు

ఎటు వెళ్తున్నామో నాకు తెలియదు, తెలుసుకోను కూడా. అడగనని నాకు నేనే మాటిచ్చుకున్నాను, అడిగితే మళ్ళీ మొదలవుతుంది కాబట్టి కూర్మన్నపాలెం బస్టాపులో బ్యాగు కాళ్ళ దగ్గర పెట్టుకుని, కొంగు చెవుల మీదుగా కప్పుకుని, ఇంకా పూర్తిగా తెల్లవారని రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను. మా ఆయన స్టీలు ప్లాంటులో రాత్రి షిఫ్టు దిగి నేరుగా ఇక్కడికే వస్తానన్నాడు. బండి కూడా తనే మాట్లాడాడట. ఏ బండో అడగలేదు. ఎన్ని రోజులకి బట్టలు సర్దాలని మాత్రం అడిగాను, మూడు రోజులకన్నాడు, చలిబట్టలు పెట్టాలా అని నోటి చివరిదాకా వచ్చింది, మింగేశాను. చలిబట్టలు కావాలంటే కొండ, అక్కర్లేదంటే సముద్రం, అదొక ఆచూకీ, ఆచూకీ దొరికితే చాలు నా బుర్ర దాని వెనకాల పరిగెడుతుంది, అక్కడ నీళ్ళెలా ఉంటాయి, దుప్పట్లు ఉతుకుతారా, మాత్రలు ఏవి పట్టుకెళ్ళాలి. అందుకని ఒక శాలువా, పల్చటి నూలు చీరలు, ఎక్కడికైనా పనికొచ్చేట్టు కలిపి కుక్కేసి, ఇదే నేను చేసే ఆఖరి ఆలోచన అనుకుని జిప్పు లాగేశాను. ఆ జిప్పు చప్పుడు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అనకాపల్లి వైపు వెళ్ళే బస్సులు ఆగే పక్కన నిలబడమన్నాడు, అదీ ఆచూకీయే, అటు అన్నవరం ఉంది, నర్సీపట్నం మీదుగా కొండలున్నాయి, రాజమండ్రి, గోదావరి... వద్దు, వద్దు, ఎటైతే నాకేం.

పక్కన టీ బండి అతను అప్పుడే పాలు పొంగించాడు. ఒక టీ ఇవ్వమన్నాను. అల్లం టీయా, యాలకుల టీయా, పంచదార మామూలుగానా, తగ్గించాలా, గ్లాసులోనా, కాగితం కప్పులోనా అని వరసపెట్టి అడిగాడు. సూర్యుడింకా లేవలేదు, అప్పుడే ఇన్ని ప్రశ్నలా అని ఒళ్ళు మండింది. ఏదో ఒకటి ఇచ్చెయ్యి బాబూ అన్నాను.

"అలగంటే ఎలగమ్మా? తాగినాక ఇది కాదంతారు" అన్నాడు.

నిజమే, అంటారు, ఆ సంగతి నాకంటే ఎవరికి బాగా తెలుసు. అతని మీద కోపం పోయింది. అల్లం అని చెప్పాను. రెండు గుక్కలు దిగాక యాలకులది చెప్పాల్సిందేమో అనిపించింది, అదిగో, అదే జబ్బు, ఒకటి తేల్చుకున్నాక తేల్చుకోనిది వచ్చి పక్కన కూర్చుంటుంది. టీ కూడా ప్రశాంతంగా తాగలేని దాన్ని అయిపోయాను. ఈ మూడు రోజులూ ఎవరో టీ తెచ్చి పెడతారు, అది ఏ టీ అయినా తాగేస్తాను, బాగోకపోయినా తాగేస్తాను, బాగోకపోతే అది నా తప్పు కాదు కదా.

వడ్లపూడిలో మాకు కర్రీ పాయింటు ఉంది. మాకు అనడం అలవాటైపోయింది గానీ ఉన్నది నాకు. నేనూ, సాయానికి అసిరమ్మా. పెద్దావిడ, కూరలు తరుగుతుంది, అంట్లు చూస్తుంది, ఎప్పుడూ తొందరపడదు. మొదట్లో సరదాకి పెట్టాను, నా చేతి వంట బాగుంటుందని అందరూ అంటే పొంగిపోయి పెట్టాను. వండటం నాకు కష్టం కాదు, ఎవరూ నమ్మరు గానీ వండటం అసలు కష్టమే కాదు. ఏం వండాలన్నదే కష్టం. కళ్ళు తెరవగానే అది మంచం పక్కన నిలబడి ఉంటుంది. ఇవాళ ఏ షిఫ్టు వాళ్ళు ఎక్కువొస్తారు, రాత్రి షిఫ్టు దిగిన వాళ్ళకి పప్పుచారు, వేపుడు ఉంటే చాలు, తిని పడుకుంటారు, మధ్యాహ్నం దిగేవాళ్ళకి మసాలా కూర పడాలి, ఒడిశా నుంచి వచ్చిన కాంట్రాక్టు కుర్రాళ్ళకి బంగాళాదుంప లేకపోతే ముద్ద దిగదు, సోమవారం కొందరు నీచు తినరు, గురువారం ఇంకొందరు, శనివారం చాలామంది, కార్తీకంలో ఉల్లిపాయ వద్దనేవాళ్ళొకరు, మాలలేసుకున్న వాళ్ళొకరు, నిన్న బెండకాయ పెట్టాను కాబట్టి ఇవాళ పెట్టకూడదు, మొన్న పెట్టలేదని అడిగినవాళ్ళు ఇవాళ వస్తారు. తలుపు తీసినప్పటి నుంచి మూసేదాకా ఒకటే మాట, ఏం కూర, ఏం కూర, ఏం కూర. దారిన పోయేవాడు సైకిలు ఆపకుండానే ఇయ్యాల ఏటి కూరని అరుస్తాడు, కొనడు, ఊరికే, పలకరింపు కింద. ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుంటే మా ఆయన షూ విప్పుతూ అడుగుతాడు. మీకేం కావాలి చెప్పండి అని నేను తిరిగి అడిగితే నీ ఇష్టం అంటాడు.

మా ఆయన మంచివాడు. త్రినాథరావు మంచోడు అని ప్లాంటులో వాళ్ళ బ్యాచ్ అంతా అంటారు, నేనూ అంటాను. గొంతు పెంచడు, చెయ్యెత్తడు, ఏదడిగినా నీ ఇష్టం. పెళ్ళయిన కొత్తలో గజపతినగరం దగ్గర మా ఊరెళ్ళి ఆ సంగతి చెప్తే మా చుట్టాలాడవాళ్ళు కుళ్ళుకున్నారు, చీర రంగు కూడా మొగుడే చెప్పే ఇళ్ళు వాళ్ళవి. నేనూ మురిసిపోయాను. ఇంటి సున్నం రంగు నీ ఇష్టం, గ్యాసు పొయ్యి ఏది కొనాలో నీ ఇష్టం, మా అత్తగారి కంటి ఆపరేషను ఎక్కడ చేయించాలో నీ ఇష్టం. అందులో ఏముందో తెలియడానికి ఒకసారి పూరీ వెళ్ళి రావలసి వచ్చింది. రైలు నేనే చూశాను, రూము నేనే చూశాను, ఫోనులో ఫొటోలు చూసి చూసి కళ్ళు లాగేదాకా చూసి సముద్రం కనిపించే గది అని పెట్టించాను. తీరా వెళ్తే సముద్రం స్నానాలగది వెంటిలేటరులోంచి ఒక చీలిక కనిపించింది, కిటికీ తెరిస్తే ఎండు చేపల వాసన. మా ఆయన అక్కడ పల్లెత్తు మాట అనలేదు. మంచివాడు కదా. తిరిగొచ్చాక మాత్రం ప్రతి పెళ్ళిలో, ప్రతి విందులో చెప్పాడు, నవ్వుతూ చెప్పాడు, మా సుధ బుక్ చేసిన రూము అని. ఇప్పుడు మా వాళ్ళలో ఎక్కడ ఏ కంపు కొట్టినా పూరీ రూములాగ ఉన్నాది అంటారు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను, నవ్వకపోతే ఇంకోసారి చెప్తారు. నీ ఇష్టం అన్నవాడికి ఏ మచ్చా అంటదు, ఎండ కాసినా వాన పడ్డా, కూర ఉప్పెక్కినా, అత్తగారి కంట్లో నీరు తగ్గకపోయినా అనుకున్నది నువ్వే కదా, చేసింది నువ్వే కదా. కష్టం సగం పంచుకుంటాననే మొగుణ్ణి చూశాను గానీ తప్పులో సగం పంచుకునే మొగుణ్ణి నేనింతవరకూ చూడలేదు.

రోడ్డు మీద వెలుతురు వచ్చింది. పగటి షిఫ్టు వాళ్ళు బైకుల మీద గేటు లోపలికి పోతున్నారు, వెనక సీటుకి క్యారేజీలు కట్టుకుని. ఒకతను నన్ను గుర్తుపట్టి బండి నెమ్మది చేశాడు, షాపు మూసేసినారా అమ్మా, మరి మాకెలగ అన్నాడు. మూడు రోజులు అన్నాను. మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు. నాకు జాలి వెయ్యలేదు. వెయ్యాలి, వెయ్యలేదు. అతనికి ఆకలి, అంతే, ఆకలైతే ఇంకెక్కడో తింటాడు. నాకు ఆకలి కాదు, నిద్ర కూడా కాదు, ఇదేమిటో దీనికి పేరు లేదు. డాక్టరమ్మ రక్తం పరీక్షించి కొంచెం తక్కువుంది, బెల్లం, ఆకుకూరలు తినమంది. ఏ ఆకుకూర అని నేను అడగలేదు, తోటకూరా, పాలకూరా, గోంగూరా, మెంతా అని ఆవిడే మొదలెట్టింది, నేను లేచి వచ్చేశాను.

ఆ వారంలోనే వంకాయల సంగతి జరిగింది. గాజువాక మార్కెట్లో ఒకామె ముందు తెల్ల వంకాయలు ఒక రాశి, నీలం వంకాయలు ఒక రాశి. రోజూ కొనేదాన్నే. నిలబడ్డాను. తెల్లవి అంటే వేపుడు, నీలం అంటే గుత్తి, వేపుడంటే నూనె, గుత్తంటే నువ్వులు, నువ్వులు ఉన్నాయో లేవో, ఇవాళ బుధవారమా, నిన్న ఏం పెట్టాను. చెయ్యి చాపాను, ఎటు చాపాలో తెలియలేదు. అలా చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది, వెనక వాళ్ళు జరగమంటున్నారు, నా కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయని ఆ కూరగాయలామె చెప్తేగాని నాకు తెలియలేదు. ఇంట్లో ఎవులైనా పోనారా అమ్మా అని అడిగింది పాపం. లేదన్నాను. మరేటి అంది. వంకాయలు అని ఎలా చెప్పను. ఏమీ కొనకుండా ఆటో ఎక్కేశాను, అసిరమ్మతో ఇవాళ వంకాయ దొరకలేదని అబద్ధం చెప్పాను, ఆవిడ నా మొహం చూసి ఉన్న దుంపలే తరిగింది.

ముందు నేనే ఏదో ఒకటి చేసుకుందామనుకున్నాను. దూరమెందుకు, రుషికొండలో రెండు రోజులు గదిలో పడుకుంటే చాలు, మన ఊరే, బస్సు దిగితే సముద్రం. మా వీధిలో అనూరాధ అని బ్యాంకులో పనిచేసే అమ్మాయి ఉంది, దాని దగ్గర కూర్చుని ఫోను తెరిపించాను. తెరవకుండా ఉండాల్సింది. సముద్రం వైపా, తోట వైపా, పొద్దుటి టిఫినుతోనా, టిఫిను లేకుండానా, తర్వాత మానుకోవచ్చా, మానుకోకూడదా, మంచాలు రెండా, ఒకటా. ఒకడు స్వర్గమని రాశాడు, వాడి కిందనే ఇంకొకడు బొద్దింకలని రాశాడు. ఒక్క గదికి ఇన్ని సంగతులా, నేను ఇల్లు కట్టించినప్పుడు కూడా ఇన్ని చూడలేదు. అనూరాధ తెలివైన పిల్ల, అలా గాభరా పడకండి ఆంటీ, అన్నీ చూడక్కర్లేదు, మీకు ముఖ్యమైనవి రెండో మూడో అనుకోండి, మిగతావన్నీ ఎలా ఉంటే అలా వదిలెయ్యండి, అప్పుడు ప్రయాణం సుఖంగా ఉంటుంది అంది. ముఖ్యమైనవి ఏమిటో చెప్పండి అని ఫోను పట్టుకుని నా నోటి వంక చూస్తూ కూర్చుంది. నాకు ముఖ్యమైనది ఒక్కటే, నన్నెవరూ ఏమీ అడక్కూడదు. అది నొక్కడానికి ఆ ఫోనులో చోటు లేదు. తర్వాత చూద్దాంలే అమ్మా అని ఇంటికొచ్చేశాను.

ఆ సాయంత్రమే అడిగేశాను. మా ఆయన వసారాలో షూ విప్పుతున్నాడు, ఏం కూరని అడగడానికి నోరు తెరిచాడు, నేను ముందే మాట్లాడాను. నన్ను ఎక్కడికైనా తీసుకెళ్ళండి. ఎక్కడికో మీరే చూడండి, ఎలా వెళ్ళాలో, ఎక్కడ ఉండాలో, ఏం తినాలో మీరే చూడండి, నన్ను ఒక్క ముక్క అడక్కండి, నీ ఇష్టం అని మాత్రం అనకండి, అంటే నేను చచ్చిపోతాను. చచ్చిపోతాను అనే మాట నేను ఎప్పుడూ వాడను. షూ చేతిలో పట్టుకుని అలాగే చూశాడు. తర్వాత అన్నాడు,

"సరే. నువ్వేటీ ఆలోసించకు. బేగొక్కటి సద్దుకో. మిగతాదంతా నాను సూసుకుంతాను."

ఇన్నేళ్ళ కాపురంలో ఆ మనిషి నాతో అన్న మాటలన్నీ ఒకవైపు పెట్టి, ఇదొక్కటీ ఒకవైపు పెట్టినా నాకు ఇదే కావాలి. వంటింట్లోకి వెళ్ళి తలుపు వెనక నిలబడి ఏడ్చాను. ఆ రోజు ఏం కూర చేశానో గుర్తు లేదు, ఏదో చేశాను, తిన్నాడు.

నాకు చిన్నప్పుడు ఒక్కసారి అలాంటి సుఖం తెలుసు. ఆషాఢ పున్నమికి సింహాచలం కొండ చుట్టూ గిరి ప్రదక్షిణకి మా నాన్న తీసుకొచ్చాడు. ఎంత దూరమో నాకు తెలియదు, ఎటు తిరుగుతామో తెలియదు, జనం నడుస్తుంటే నడిచాను, కాళ్ళు నొప్పెట్టాక మా నాన్న భుజం మీదకి ఎక్కించుకున్నాడు. నిద్రపోయాను. తెల్లవారుతుంటే మెలకువొచ్చి చూస్తే ఎదురుగా సముద్రం. కొండ చుట్టూ తిరుగుతామన్న వాడు సముద్రం దగ్గరికి ఎలా తెచ్చాడో అర్థం కాలేదు, అడగలేదు, ఆయనకి తెలుసు కదా అనుకున్నాను. స్నానం చేయించాడు, మళ్ళీ నడిచాం. దారి పొడుగునా ఎవరెవరో నిలబడి చేతుల్లో పెడుతున్నారు, ఒకచోట పులిహోర, ఒకచోట మజ్జిగ, ఒకచోట అరటిపండు, ఒకావిడ నా దోసిట్లో వేడి చక్రపొంగలి వేసి తిను బుల్లీ అంది. ఏం కావాలని ఎవరూ అడగలేదు. పెట్టారు, తిన్నాను. పులిహోరలో ఉప్పు తక్కువైందేమో, మజ్జిగ పుల్లగా ఉందేమో, నాకేం తెలుసు, చెయ్యి చాపితే అందులో ఏదో పడింది, అది బాగుంది. దేవుడి మొహం గుర్తు లేదు నాకు, ఆ వేడి చక్రపొంగలి గుర్తుంది. పెద్దదాన్నయ్యాక మళ్ళీ ఆ ప్రదక్షిణకి వెళ్ళాను, అప్పుడు దారి పక్కన పులిహోర గిన్నె ముందు గరిటె పట్టుకుని నిలబడ్డది నేనే. మా బ్యాచ్ తరఫున, మా ఆయన ఉత్సాహం.

రాత్రి షిఫ్టు వాళ్ళు బయటికొస్తున్నారు. కళ్ళు ఎర్రగా, హెల్మెట్లు మోచేతికి తగిలించుకుని, కొందరు టీ బండి దగ్గర ఆగారు, వాళ్ళని ఏ టీ అని అతను అడగడం లేదు, రోజూ తాగేవాళ్ళు కాబోలు. చేతిలో గ్లాసు పెట్టేస్తున్నాడు. అలా ఉండాలి. మా ఆయన ఈ పది రోజులుగా వింతగా ఉన్నాడు, ఫోనొస్తే వసారాలోకి వెళ్ళి మాట్లాడుతున్నాడు, నేనొస్తే ఆపేస్తున్నాడు, ఒకసారి తనలో తనే నవ్వుకోవడం చూశాను. యాభై దాటిన మనిషి కుర్రాడిలా రహస్యం దాచుకుని తిరుగుతుంటే ముచ్చటేసింది. పూరీ రూము గురించి ఇన్నాళ్ళు మనసులో పెట్టుకున్నది కూడా కాస్త కరిగింది, పోనీలే, నవ్వించడానికి అన్నాడు, వేరే ఉద్దేశం ఏముంటుంది. ఎవర్ని కనుక్కున్నాడో, ఎంతమందిని అడిగాడో, తేల్చుకోలేక ఎన్నిసార్లు తల గోక్కున్నాడో, నాకోసం. నాకోసం ఒక మనిషి తల బద్దలు కొట్టుకున్నాడు. ఇంతకంటే ఆడదానికి ఏం కావాలి. వెళ్తాం, ఏదో ఊరు, ఏదో గది, నేను కాళ్ళు ముడుచుకుని కూర్చుంటాను, ఎవరో తెలియని మనిషి వచ్చి నా ముందు కంచం పెడతాడు. మూత తీసేదాకా అందులో ఏముందో నాకు తెలియదు. అదే, అదొక్కటే కావాలి నాకు, మూత తీసేదాకా తెలియకపోవడం. అది ఊహించుకుంటున్న నా మొహం ఎవరైనా చూస్తారేమోనని ఖాళీ కప్పు నోటి దగ్గర పెట్టుకున్నాను.

తెల్లటి పెద్ద వ్యాను వచ్చి నా ముందే ఆగింది. పదిమందికి పైగా పట్టేది. నాకోసం కాదనుకుని బ్యాగు పక్కకి లాక్కున్నాను. తలుపు తీసుకుని మా ఆయన దిగాడు, డ్యూటీ బట్టలు మార్చుకుని కొత్త చొక్కా తొడుక్కున్నాడు, నిద్ర లేక కళ్ళు వాచాయి గానీ మొహం వెలిగిపోతోంది. లోపల అందరూ తెలిసినవాళ్ళే, వాళ్ళ బ్యాచ్ వాళ్ళు, పెళ్ళాం పిల్లలతో సహా. మా ఆయనతో ఒకే షిఫ్టు చేసే తాతబాబు కిటికీలోంచి చెయ్యి ఊపాడు. సరే, మనిద్దరమే అని ఆయన ఎప్పుడన్నాడు, నేనే అనుకున్నాను, జనం ఉంటే ఇంకా మంచిది, వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటారు, నేనొక మూల కూర్చుంటాను, నన్నెవరూ కదపరు. ఇంత తొందరగా నన్ను నేను ఓదార్చుకోగలనని నాకే తెలియదు. బ్యాగు అందుకోవడానికి మా ఆయన పక్కకి జరిగాడు, అప్పుడు వ్యాను పైన కట్టిన నీలం పట్టా కనిపించింది. పట్టా ఒక మూల లేచి ఉంది. దాని కింద పెద్ద గిన్నె అంచు, అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు. గిన్నెల మీద పేరు కొట్టించమని దుకాణంవాడే అన్నాడు, పెళ్ళిళ్ళలో కలిసిపోతాయని. సుధారాణి. నా పేరు నన్ను చూస్తోంది. వెనక సీటు కింద నా రెండు బర్నర్ల పొయ్యి, పక్కన సిలిండరు, సిలిండరు కదలకుండా నా బియ్యం బస్తా.

"లంబసింగిలో ఇల్లు మాటాడీసినాను, మనోలందరికీ" అన్నాడు మా ఆయన. "ఎవులూ వండిపెట్టరంట అక్కడ. అయినా హోటలు కూడు ఏటి బాగుంతాది? నీకు వంటంటే పేణం కదా. రాత్రి డూటీకెల్లక ముందే అసిరమ్మ కాడ తాళం తీసుకుని సామానంతా ఏసీసినాను. ఉప్పు నుంచీ అన్నీ. నువ్వేటీ ఆలోసించక్కర్లేదు."

నిజంగానే అన్నీ చూసుకున్నాడు. ఏ గిన్నె కావాలో, ఏ గరిటె కావాలో ఆలోచించి ఉంటాడు, వసారాలో ఫోను పట్టుకుని తల గోక్కున్నది దీనికే, ఒక్కటి కూడా మరిచిపోకూడదని. నా మొహంలో సంతోషం కోసం వెతుకుతున్నాడు. కోపం వస్తుందనుకున్నాను, కోపమొస్తే బాగుండేది, కోపానికి కాళ్ళుంటాయి, ఎటో ఒకవైపు నడుస్తుంది. నాకు వచ్చింది కోపం కాదు, ఈ మనిషికి నేనెవరో తెలియదన్న సంగతి వచ్చింది. చచ్చిపోతానని చెప్పినా వినపడనంత దగ్గరగా ఉన్నాడు ఇన్నేళ్ళూ. గట్టిగా చెప్పాలేమో, ఇప్పుడే, ఈ రోడ్డు మీదే, ఇంతమంది ముందు చెప్పాలేమో.

తాతబాబు భార్య పుష్ప కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది. గాజువాకలో ఏదో నర్సింగుహోములో రాత్రి డ్యూటీలు చేస్తుంది, ఇంటికొచ్చి పిల్లలకి వండి, మొగుడికి క్యారేజీ కట్టి, అప్పుడు పడుకుంటుంది. చెంపలు లోపలికి పోయాయి, కళ్ళ కింద నలుపు. ఆ చెయ్యి చెమటగా, పట్టు గట్టిగా ఉంది.

"నువ్వున్నావని సెప్పినాకే ఒప్పుకున్నాను వదినా" అంది. "మూడ్రోజులు పొయ్యి కాడికి పోనక్కర్లేదంటే రాత్రంతా నిద్దర పట్నేదు."

ఆ మాట నాది. నా నోట్లోంచి తీసుకుని నాకే చెప్తోంది, నవ్వుతూ, నమ్మకంగా. నాకు కంచం పెట్టే ఆ తెలియని మనిషి ఎవరోనని ఇందాకటి నుంచీ అనుకుంటున్నాను, పుష్పకి ఆ మనిషి నేను. ఈ వ్యానులో ఉన్న ఆడవాళ్ళందరికీ నేనే. వాళ్ళని తిట్టుకుందామంటే నా వల్ల కాలేదు, తిట్టుకోకుండా ఉండటమూ నా వల్ల కాలేదు. నా జాగాలో తనుండి, తన చేతికి గరిటె ఇచ్చి ఉంటే నేనూ ఇలాగే కిటికీలోంచి చెయ్యి పట్టుకుని ఉండేదాన్ని, ఇంకా గట్టిగా పట్టుకుని ఉండేదాన్ని. వెనక సీట్లో ఎవరో అప్పుడే నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు.

బస్సు ఒకటి హారను కొట్టింది, వ్యాను అడ్డంగా ఉందని. ఎక్కీ, ఎక్కీ అంటున్నాడు మా ఆయన. ఎక్కకుండా ఉండొచ్చు. రోడ్డు దాటితే ఇంటికి ఆటో, ఇంటికెళ్ళి తలుపేసుకుని పడుకోవచ్చు, అప్పుడు వీళ్ళంతా ఏమంటారు, ఎవరు వండుతారు, మా ఆయన మొహం ఎలా ఉంటుంది, తర్వాత ఎవరెవరికి ఏం చెప్పుకోవాలి, రైలెక్కి ఇంకెక్కడికైనా పోవచ్చు, ఎక్కడికి, ఏ రైలు. ఎక్కడమా మానడమా అన్నది కూడా నేనే తేల్చాలి, ఇదొకటి మిగిల్చారు నాకు. ఎంత వెతికినా దాన్ని తేల్చే ఓపిక నాలో ఎక్కడా దొరకలేదు. చెయ్యి పట్టుకుని లాగారు, మెట్టు మీద కాలు పడింది, ఎక్కాను.

ముందు సీటు నాకోసం ఉంచారు, మర్యాదకి. వ్యాను కదిలింది. పైన గిన్నెలు ఒకదానికొకటి తగులుతున్నాయి. మా ఆయన నా పక్కన కూర్చుని, ఎలాగున్నాది నా ప్లాను అని అడిగాడు. బాగుందన్నాను. ఆయన హాయిగా వెనక్కి వాలాడు. అగనంపూడి దాటకముందే తాతబాబు వెనక నుంచి నా వైపు వంగాడు, నన్ను అక్క వరస పెట్టి పిలుస్తాడు.

"అప్పా, మద్దేన్నానికి నర్సీపట్నంలో కోడి తీసుకుందామా, పైకెల్లినాక నాటుకోడి దొరుకుతాదంట, దానికోసం ఆగుదామా?"

అందరూ నా వంక చూస్తున్నారు. నాటుకోడి ఉడకడానికి చాలాసేపు పడుతుంది, పిల్లలు ఆకలికి ఆగరు, మధ్యాహ్నానికి మామూలు కోడి చేసేసి రాత్రికి నాటుకోడి పెట్టుకుంటే సరిపోతుంది, మసాలా రెండిటికీ ఒకేసారి నూరుకోవచ్చు. అదే చెప్పాను. భేషన్నారు. నూనె ఎంత తెచ్చారని అడిగాను.